ఉడుత వేట, కూర లెక్క

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే, ఆటోనగర్ లారీల హారన్ల పక్కనే ఒక అడవి కంచె మొదలవుతుంది. అది మహావీర్ హరిణ వనస్థలి, 14.59 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానం. ఒకప్పుడది నిజాం వేటస్థలం. తుపాకీతో లోపల అడుగు పెట్టడానికి రాజకుటుంబానికీ, వాళ్లు పిలిచిన అతిథులకీ తప్ప ఇంకెవరికీ వీలుండేది కాదు. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల గుర్తుగా 1975లో దాన్ని జింకల పార్కు చేశారు, 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. శికారు నడిచిన నేలకు అహింసా తీర్థంకరుడి పేరు పెట్టడమంటే చిన్న మలుపు కాదు. అక్కడి కృష్ణజింకల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఈ వ్యాసం మాత్రం ఆ కంచెకు లోపలా బయటా ఒకేలా తిరిగే జంతువు గురించి. వనస్థలి చెట్ల మీదా, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కరెంటు తీగల మీదా, సరూర్‌నగర్ చెరువు గట్టునా కనిపించే ఉడుత గురించి.

అమెరికాలో ఉడుతను వేటాడి వండుకోవడం చట్టం ఒప్పుకున్న వ్యవహారం. హ్యూస్టన్‌కు ఉత్తరాన శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. ప్రభుత్వ భూమి. లైసెన్సు కొనుక్కున్న ఎవరైనా సీజన్లో అక్కడ ఉడుతల వేటకు వెళ్లవచ్చు. తూర్పు టెక్సాస్‌లో రోజుకు మనిషికి పది ఉడుతలు పరిమితి. కెంటకీలో ఆరు. ఆ ఊళ్లలో స్థిరపడ్డ మనవాళ్లకు ఆఫీసులో పక్క సీటాయన ఆదివారం ఉడుత కూర ముచ్చట చెబితే ఏమనాలో తోచదు. 'వాళ్లకు దయ లేదు, మనకుంది' అనుకోవడం తేలికే. మన కోళ్లఫారాలను ఒకసారి చూసొస్తే ఆ మాట నోట రాదు. దయ సంగతి పక్కన పెట్టి తూకం, పిల్లల సంఖ్య, అడవి మీద హక్కు అనే మూడు విషయాలు చూస్తే తేడా ఎక్కడుందో బయటపడుతుంది.

ముందు తూకం. మన ఊళ్లలో తిరిగేది తాటి ఉడుత, శాస్త్రీయంగా ఫునాంబులస్ పామారం. వీపు మీద మూడు తెల్ల చారలుంటాయి. రాముడు నిమిరితే పడ్డాయన్న కథ వాల్మీకంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. వింధ్యకు పైన ఎక్కువగా కనిపించే దాని దాయాదికి అయిదు చారలు. దక్కన్‌లో ఈ రెండింటి రాజ్యాలూ అక్కడక్కడా కలిసిపోతాయి. ఏదైనా బరువు దాదాపు వంద గ్రాములే. తల, తోలు, పేగులు, పాదాలు, తోక తీసేస్తే సగం కూడా మిగలదు. ఆ మిగిలినదాంట్లోనూ ఎముకలుంటాయి. అంటే కిలో మాంసానికి ఇరవైకి పైగా ఉడుతలు కావాలి. నలుగురు తినే బిర్యానీకి ఒక కాలనీ చెట్లన్నీ ఖాళీ చేయాలన్నమాట. అమెరికా బూడిద రంగు ఉడుత 400 నుంచి 600 గ్రాములు తూగుతుంది, అక్కడి నక్క ఉడుత కిలో దాకా వెళ్తుంది. రెండు కొడితే ఒక పూట గడుస్తుంది. మనకూ పెద్ద ఉడుత ఉంది, నల్లమలలో. కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ పోయే ఆ ఎర్రటి భారీ ఉడుత కిలోన్నర పైనే తూగుతుంది. కానీ అది దట్టమైన అడవి జంతువు, నగరం వైపు రాదు.

తూకంతో పాటు కొవ్వు సంగతి కూడా చూడాలి. శరీరం ఎంత చిన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు దాని చర్మవైశాల్యం అంత ఎక్కువ. వేడి త్వరగా బయటికి పోతుంది. ఆ వేడిని నిలబెట్టుకోవడానికే తిన్నదంతా కరిగిపోతూ ఉంటుంది. అందుకే ఉడుత తెల్లారిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా ఏదో ఒకటి కొరుకుతూనే కనిపిస్తుంది. చలిదేశపు ఉడుతలు మంచుకాలం గట్టెక్కడానికి సెప్టెంబరు, అక్టోబరుల్లో ఓక్ గింజలు తిని ఒళ్లు చేస్తాయి. అక్కడి వేట సీజన్ ఎక్కువగా ఆకురాలు కాలంలోనే మొదలవడానికి ఇదొక కారణం. వేసవిలో ఉడుత చర్మం కింద పెరిగే ఒక రకం ఈగ పురుగుల బెడద అప్పటికి తగ్గిపోవడం ఇంకో కారణం. హైదరాబాద్ ఉడుతకు దాటాల్సిన మంచుకాలమే లేదు, కాబట్టి కొవ్వు దాచుకునే పనీ లేదు. ఏడాది పొడుగునా బక్కగానే ఉంటుంది.

బక్క మాంసం మంచిదే కదా అని డైటింగ్ చేసేవాళ్లు అడగవచ్చు. కూరలో భాగంగా మంచిదే. దాని మీదే బతకాలంటే ప్రాణాంతకం. ధ్రువప్రాంతాల్లో తిరిగిన విల్హ్యాల్మర్ స్టెఫాన్సన్ దీని గురించి వివరంగా రాశాడు. అక్కడి వేటగాళ్లు దీన్ని 'కుందేటి కరువు' అంటారు. కొవ్వు లేని కుందేటి మాంసం కడుపు పగిలేలా తిన్నా మనిషి వారంలో నీరసించి, విరేచనాలతో మంచం పడతాడు. మాంసకృత్తుల్లోని నత్రజనిని యూరియాగా మార్చి బయటికి పంపే పని కాలేయానిది. దాని సత్తువకు ఒక హద్దుంది. మనకు కావలసిన శక్తిలో మూడో వంతును మించి మాంసకృత్తుల నుంచే రావాలంటే కాలేయం చేతులెత్తేస్తుంది. చిన్న జంతువుల వేట మీద బతికిన జాతులన్నీ దుంపలు, తేనె, గింజలు ఏరుకున్నది ఇందుకే. నల్లమల చెంచుల సంప్రదాయ భోజనంలోనూ దుంపలదే పెద్దపీట, వేటమాంసం దొరికిన రోజున దొరికినంత.

ఇక పొయ్యి సంగతి. రోజంతా చెట్లెక్కి దిగే జంతువు కాళ్లలో బంధన కణజాలం ఎక్కువ. దాని ముఖ్య సరుకు కొలాజెన్ అనే మాంసకృత్తు, మూడు పోగులు పేనిన తాడు లాంటిది. పెద్ద మంట మీద పది నిమిషాలు వేయిస్తే ఆ తాడు ముడుచుకుని మాంసాన్ని రబ్బరు చేస్తుంది. 70 డిగ్రీలు దాటిన తడి వేడిలో గంటల తరబడి ఉంచితే పోగులు విడిపోయి జెలటిన్ అవుతుంది. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించిన పాయా పొద్దున వేళ్లకు జిగురుగా అంటుకునేది ఈ జెలటిన్ వల్లే. అమెరికా దక్షిణాది వాళ్లు ముదురు ఉడుతను వండే పద్ధతీ ఇదే. ముందు ఉప్పునీళ్లలోనో మజ్జిగలోనో నానబెడతారు. తర్వాత టమాటా, మొక్కజొన్న గింజలు, బీన్సు వేసి గంటల తరబడి కుండలో ఉడికిస్తారు. దాన్ని బ్రన్స్‌విక్ స్ట్యూ అంటారు. మొదట్లో అందులో వేసేది ఉడుత మాంసమే. ఇప్పుడు చాలా ఇళ్లలో కోడి మాంసమే వేస్తున్నారు, తక్కిన తీరంతా అదే. లేత ఉడుతనైతే పిండి అద్ది వేయిస్తారు. మంట ఎలాంటిదైనా మాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరాలన్నది వాళ్ల ఆహార భద్రతా నియమం. మాంసంలో ఉండే పరాన్నజీవులూ, చాలా బ్యాక్టీరియాలూ ఆ వేడికి చస్తాయి.

వేడికి చావనివీ ఉన్నాయి. అక్కడే మన నగరం సంగతి వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ కిరాణా కొట్టులో దొరికే ఎలుకల మందు కేకుల్లో చాలావాటిలో బ్రోమడయలోన్ అనే రసాయనం ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్-కె చక్రాన్ని అది ఆపేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. మందు ఎలుక కోసం పెట్టామని ఉడుతకు తెలియదు, అదీ కొరుకుతుంది. ఆ రసాయనం కాలేయంలో నెలల తరబడి నిలవ ఉంటుంది. వంట మంటకు విరగదు. ఆ ఉడుతను తిన్న పిల్లికీ, జాలె డేగకూ, మనిషికీ అది చేరుతుంది. ఎయిర్‌గన్‌తో కొడితే సీసం ముక్కలు అదనం. నగరంలో తిరిగే ఏ ఎలుకజాతి జంతువూ తినదగిన మాంసం కాదనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

రోగాల చిట్టా వేరే ఉంది. 1911లో కాలిఫోర్నియాలోని తులేర్ కౌంటీ నేల ఉడుతల్లో జార్జ్ మెకాయ్ ఒక కొత్త బ్యాక్టీరియా జబ్బు కనిపెట్టాడు. దానికి ఆ కౌంటీ పేరే పెట్టి తులరీమియా అన్నారు. వేటగాళ్లకు తోలు వలిచేటప్పుడు చేతి గాట్ల గుండా అంటుకునే జబ్బు అది. 2011, 2013 మధ్య జర్మనీలో ముగ్గురు మెదడువాపుతో చనిపోయారు. ముగ్గురూ మధ్య అమెరికా నుంచి వచ్చిన రంగురంగుల ఉడుతలను పెంచేవాళ్లే. ఆ ఉడుతల్లో అప్పటిదాకా ఎవరికీ తెలియని బోర్నా వైరస్ దొరికిందని 2015లో ప్రకటించారు. మరుసటి ఏడు బ్రిటన్ ఎర్ర ఉడుతల్లో కుష్ఠు బ్యాక్టీరియా బయటపడింది. మధ్యయుగాల్లో యూరప్ దొరసానులు ఉడుత బొచ్చు కోట్లు వేసుకునేవారు. ఇంగ్లండ్‌లోని వించెస్టర్ తవ్వకాల్లో దొరికిన మధ్యయుగపు ఉడుత ఎముకల్లోనూ కుష్ఠు ఆనవాళ్లు దొరికాయి. అన్నిటికన్నా ఎక్కువ వాదోపవాదాలు లేపింది మాత్రం 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఉత్తరం. పశ్చిమ కెంటకీలో క్రాయిట్జ్‌ఫెల్ట్-జాకబ్ అనే మెదడు జబ్బు వచ్చిన అయిదుగురూ ఉడుత మెదడు వండుకుని తిన్నవాళ్లేనని ఇద్దరు ముగ్గురు వైద్యులు రాశారు. కారణం అదేనని ఈ రోజుకూ రుజువు కాలేదు. మెదడు జోలికి పోవద్దన్న సలహా మాత్రం అక్కడి వేటగాళ్లలో స్థిరపడిపోయింది. భేజా ఫ్రై అంటే ప్రాణమిచ్చే ఊరివాళ్లం కాబట్టి ఈ ముక్క చెప్పాను. ఇవన్నీ ఎక్కడెక్కడి ఉడుతలకో వచ్చిన జబ్బులు. వీటిని చూసి పెరట్లో తిరిగే ఉడుతను అనుమానించనక్కర్లేదు. ముట్టుకోకుండా, కోయకుండా ఉన్నంతకాలం దాని జబ్బు దానిది.

అమెరికా తన ఉడుతలను తిని కూడా అయిపోకుండా ఎలా కాపాడుకుంటోంది? మొదట్లో కాపాడుకోలేదు. 1749లో పెన్సిల్వేనియా ప్రభుత్వం పంటలు తింటున్నాయని తలకు మూడు పెన్నీల బహుమానం ప్రకటించింది. జనం ఆరు లక్షల నలభై వేల ఉడుతలను తెచ్చి పడేశారు, ఖజానాకు గట్టి దెబ్బే తగిలింది. తర్వాతి వందేళ్లలో అడవులు నరికేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి చాలా చోట్ల ఉడుత అరుదైంది. అదే కాలంలో కోట్లలో ఎగిరిన పాసింజర్ పావురాలు వేటకు బలై, చివరిది 1914లో సిన్సినాటి జూలో చచ్చింది. ఆ దెబ్బకు వాళ్లకు లెక్క అలవాటైంది. బూడిద ఉడుత ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది, ఈతకు రెండు నుంచి నాలుగు పిల్లలు. పుట్టినవాటిలో మూడొంతులు ఏడాది తిరక్కుండానే ఆకలికో, డేగకో, చలికో పోతాయి. వేటగాడు ఆకురాలు కాలంలో తీసుకెళ్లేవి ఎలాగూ చలికాలంలో చచ్చే వాటిలోంచే అయితే, వసంతానికి మిగిలే సంఖ్య పెద్దగా మారదు. జనాభా శాస్త్రంలో దీన్ని పరిహార మరణం అంటారు. దీనికి హద్దుంది. పెద్ద అడవి ఉండాలి, గింజల కాపు బాగుండాలి, ఎన్ని చచ్చాయో ఏటా ఎవరో ఒకరు కొలవాలి. ఆ కొలిచేవాళ్ల జీతాలకు డబ్బెక్కడిదంటే 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం. వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. వేటగాడి డబ్బుతోనే ఉడుత లెక్కలు తీస్తున్నారు. తెలివైన ఏర్పాటే, ఒప్పుకోవాలి.

ఆ సూత్రాన్ని మన ఉడుతకు అతికిద్దామా? తాటి ఉడుత గర్భం నెలకు కాస్త పైన, ఈతకు రెండో మూడో పిల్లలు, గూట్లో రెండు నెలలకు పైగా పాలు తాగుతాయి. ఏడాది పొడుగునా ఏదో ఒక గూట్లో పిల్లలుంటాయి. వేటకు విడిచిపెట్టదగిన సీజనంటూ ఉండదు. ఏ నెల తల్లిని కొట్టినా గూట్లో పిల్లలు ఎండిపోతాయి. చెట్లు ముక్కలు ముక్కలుగా మిగిలిన దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట ఒక వీధిలో అయిపోతే పక్క వీధి నుంచి వచ్చి నిండడం కష్టం, మధ్యలో మెట్రో స్తంభాలూ ఆరు వరసల రోడ్డూ. కొత్తపేట గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయాక ఆ ప్రాంతపు ఉడుతలకు రాలిపడ్డ మామిడీ సపోటా పండగ కూడా ముగిసింది.

చట్టం సంగతి చూస్తే, మన దేశంలోనూ వేట లైసెన్సులు ఉండేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే చిన్న జంతువుల వేటకు ఒక లైసెన్సు, పెద్ద జంతువుల వేటకు ఇంకో లైసెన్సు అని రాసుకుంది. 1991 సవరణ ఆ తలుపు మూసేసింది. అయిదు చారల ఉడుత పేరు నాలుగో షెడ్యూల్లో ఉండేది, అంటే వేట నేరం. 2022 సవరణ షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు కుదించి, మామూలు నేరానికి జరిమానా గరిష్ఠాన్ని 25 వేల నుంచి లక్షకు పెంచింది. మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది. వనస్థలి లాంటి జాతీయ ఉద్యానంలోనైతే చారలు లెక్కపెట్టే పనే లేదు. ఏ ప్రాణిని పట్టినా, ఉచ్చు పన్నినా శిక్ష మూడేళ్ల నుంచి మొదలై ఏడేళ్ల దాకా పోతుంది. వేట అంటే చంపడమే కాదు, బోను పెట్టడం, తరమడం, ఎర వేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. మాంసం కోసం కోయదగిన జంతువులంటూ ఆహార భద్రతా నిబంధనలు ఇచ్చిన జాబితాలో ఉడుత లేదు కాబట్టి అమ్మడం కుదరదు.

అడవి జంతువు ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు అమెరికా, ఇండియా దాదాపు ఒకే జవాబు చెప్పాయన్నది నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. నేల ఎవరిదైనా జంతువు ప్రజలందరిదీ అని 1896లో అక్కడి సుప్రీంకోర్టు అంది. చట్టం కింద వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అని మన వన్యప్రాణి చట్టంలోని 39వ సెక్షన్ అంటుంది. అక్కడ ఆ ఉమ్మడి సొత్తులో లైసెన్సు కొన్నవాడికి వాటా ఇచ్చారు. ఇక్కడ ఎవరికీ ఇవ్వలేదు. ఎవరికీ అంటే చెంచులకు కూడా. 2006 అటవీ హక్కుల చట్టం దుంప, తేనె, బంక, సాగు, చివరికి చేపల మీద కూడా హక్కులిచ్చి, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. నిజాం రాజ్యంలో చెంచుల మధ్య తిరిగి 1943లో వాళ్ల మీద పుస్తకం వెలువరించిన హైమెండార్ఫ్ చూసిన విల్లమ్ముల జీవితం అలా కాగితం మీద నేరమైంది. గులేరు పట్టుకుని పిట్టనో ఉడుతనో కొట్టుకు తిన్న సంచార కులాల గతీ అదే. శికారును సరదాగా ఆడిన నవాబుల వేటస్థలం జాతీయ ఉద్యానమై గౌరవం పొందింది. పొట్టకోసం కొట్టినవాళ్లకు మాత్రం కేసులు మిగిలాయి. నిషేధం సరైనదే అనుకుంటూనే, దాని బరువు అందరి మీదా సమానంగా పడలేదని చెప్పక తప్పదు. ఉడుత తిన్నవాణ్ని చూసి ముక్కు చిట్లించే హక్కు మటన్ దుకాణం ముందు వరసలో నిలబడ్డ మనకు లేదు.

ఇంతా చేసి తినని ఉడుతతో బతకడం కూడా అంత సులువు కాదు. దాని ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీయకపోతే నోరు మూయడానికి ఉండదు. అందుకే ఇంటర్నెట్ కేబుల్, వాషింగ్ మెషీన్ పైపు, ఏసీ బయటి యూనిట్ తీగలు కొరుకుతుంది. గూడు కట్టే కాలంలో దుప్పటి నుంచి దూది పీక్కుపోతుంది. దాన్ని తిట్టుకునే ముందు అది చేసే పని కూడా తెలుసుకోవాలి. బూరుగు పూసినప్పుడు మకరందం కోసం తల దూర్చి మూతికి పుప్పొడి పూసుకుని ఇంకో పువ్వుకు చేరుస్తుంది. తినగా జారిపడ్డ గింజలు మొలుస్తాయి. పిల్లి వస్తున్నప్పుడు అది గంట కొట్టినట్టు అరిచే అరుపుకు పక్క చెట్టు మీది గోరింకలూ లేచిపోతాయి.

ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు ఉండేవాళ్లు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఎలుకల మందు బయట విడిగా పెట్టకండి, ఎలుక మాత్రమే దూరే మూతపెట్టెలో పెట్టండి, చచ్చిన ఎలుకను పిల్లులకు అందకుండా పాతేయండి. కేబుళ్లకు లోహపు తొడుగు వేయించండి. చెట్టు కొట్టించేటప్పుడు గూడుందేమో చూసి, ఉంటే పిల్లలు బయటపడేదాకా ఆగండి. కిందపడ్డ పిల్ల కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లి పాలు పట్టకండి, గుడ్డ పరిచిన పెట్టెలో అదే చెట్టు మొదట్లో ఉంచి దూరంగా జరిగితే తల్లి నోట కరుచుకుని తీసుకెళ్తుంది. పిల్లల చేతికి సరదాగా ఎయిర్‌గన్ కొనివ్వకండి. వనస్థలి కంచె వెంట ఉచ్చు గానీ బోను గానీ కనిపిస్తే మీరు తీయకుండా అటవీశాఖ వాళ్లకు చెప్పండి, కేసు నిలవాలంటే అది ఉన్నచోటే ఉండాలి.